ఒక స్వరం కింద

సాన్ గొన్సాలు ద పేద్ర, మీనాస్
ఏప్రిల్ 11, 1976, మట్టల ఆదివారం

దోన జందీరా గారికి,

నేను బెలార్మీనుని. జీనులు కుట్టే బెలార్మీనుని. అనీజియు తమ్ముణ్ణి. గుర్తుండకపోవచ్చు. మీ చిరునామా మీ పిన్నిగారి అమ్మాయి ఇచ్చింది.

ఫిబ్రవరిలో అన్నయ్య ఇంటికి వచ్చాడు. వచ్చాడనడం సరి కాదు, తీసుకొచ్చారు. రైల్వేలో పని చేసిన ఊళ్ళో ఆసుపత్రి వాళ్ళు పంపించారు. కుడి పక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఈ ఏడాది చివర చూడడని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

మీకు రాయడానికి కారణం ఒకటి ఉంది. 1938 అక్టోబరు కచేరీ నాటి పియానో స్వరాల కాగితం మీ దగ్గర ఉందా. నేను నకలు రాసిందే. నాలుగు పేజీలు. ఉంటే పంపించగలరా. పని కాగానే తిరిగి పంపేస్తాను.

ఇంతకన్నా రాయడం చేతకాదు. నా భార్య జుల్మీరా వెనకాల నిలబడి చదువుతోంది. "ముప్పై ఎనిమిదేళ్ళకి ఆవిడకి ఉత్తరం రాస్తా, బాగున్నారా అని ఒక్క ముక్క అడగవేమయ్యా, కాగితం ఒక్కటేనా కావలసింది" అంటోంది.

మీరు బాగున్నారా.

బెలార్మీను


బెలేం, పరా
మే 9, 1976

మరిది కావలసి కాకుండా పోయిన బెలార్మీనుకు,

గుర్తుండకపోవచ్చని రాశావు. మీ అన్న నాకు చేయించిన పెళ్ళి ఉంగరానికి కొలత తీసింది నీ తోలు పని టేపుతోనే కదా, ఎలా మరిచిపోతాను. అప్పుడూ నువ్వు ఇంతే. ఏదో చెప్పాలని మా ఇంటికి వచ్చేవాడివి, గుమ్మం దగ్గర టోపీ చేతుల్లో తిప్పుకుంటూ నిలబడేవాడివి, చెప్పకుండానే వెళ్ళిపోయేవాడివి. "ఇందాక వచ్చి వెళ్ళింది మనిషా, నీడా?" అని అమ్మ అడిగేది.

నేను బాగానే ఉన్నాను, జుల్మీరాకు చెప్పు. మా ఆయన కస్టమ్సులో పని చేసి రిటైరై, ఆ మరుసటేడే పోయాడు. పిల్లలు లేరు. శిష్యులున్నారు. ఇక్కడ రోజూ రెండింటికి వాన, మూడింటికి పాఠం. నా పియానో ఈ ఊరి తేమకు ఉబ్బి, దాని గొంతు నా గొంతు లాగే దిగిపోయింది. వేళ్ళ కణుపులు పొద్దున వేణ్ణీళ్ళలో పెడితే గాని కదలవు.

ఇక అనీజియు సంగతి. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ పేరు నోటితో అనలేదు. రాయడం సులువేనని ఇప్పుడే తెలిసింది.

ఆ కాగితం ఎందుకు? కావలసింది నీకా, అతనికా? ఆ రోజు ఏం జరిగిందో నువ్వూ చూశావు, మూడో వరసలో కూర్చున్నావు. రియో నుంచి ఆ పెద్ద సంగీతం అయ్యగారు వచ్చాడు. పాట నచ్చితే మీ అన్నను తన ఆర్కెస్ట్రాకు తీసుకుపోతానన్నాడు. డబుల్ బాస్ అంటే మనిషంత ఎత్తు ఫిడేలు, అందరి వెనకా నిలబడి బుంయ్ బుంయ్ అనేది, దానికి సొంత పాటేమిటని ఊరంతా నవ్వింది. మీ అన్న రెండేళ్ళు కూర్చుని దాని కోసమే ఒక మోదీన్యా రాశాడు. మన కుర్రాళ్ళు కిటికీల కింద గిటారు పట్టుకుని పాడే విరహం పాటే, కానీ పెద్ద బాస్ గొంతుతో. "బాస్ వాయించేవాడు బతుకంతా ఇటలీ వాళ్ళ పాటలే ఎందుకు వాయించాలి జందీరా, మన ఏడుపు మనకు లేదా?" అనేవాడు.

మొదలుపెట్టాం. కాగితం మీద నిలువు గీతల మధ్య మొదటి గడిలోనే రెండు వాద్యాలూ ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. తొమ్మిదో గడి దగ్గర అతను కమాను దించేశాడు. మందుల కొట్టు అర్మిందు "పిల్లులు కొట్టుకుంటున్నాయి, ఎవరన్నా నీళ్ళు పొయ్యండి" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ పెద్దాయన చేతికర్ర తీసుకుని లేచాడు. మర్నాడు మీ అన్న రైలెక్కాడు. పియానో పిల్ల సాధన చెయ్యకుండా వచ్చి వాడి బతుకు పాడు చేసిందని ఊరు తీర్పు చెప్పింది. నాన్న నన్ను ఇక్కడికి, మామయ్య ఇంటికి పంపేశాడు.

కాగితంలో ఉన్నదే నేను వాయించాను, బెలార్మీనూ. ఉన్నది ఉన్నట్టు.

అది నా దగ్గర ఉందో లేదో ఇప్పుడు చెప్పను. ఎందుకో ముందు నువ్వు చెప్పు.

జందీరా


సాన్ గొన్సాలు ద పేద్ర
మే 30, 1976

దోన జందీరా గారికి,

కాగితం అన్నయ్య కోసం.

అన్నయ్యకు మాట పోయిందని రాశాను. ఒక్క మాట మిగిలింది. "కాదు." కాఫీ కావాలా అంటే కాదు. వద్దా అంటే కాదు. పొడుగ్గా అంటే కావాలని, పొట్టిగా అంటే వద్దని మేం నేర్చుకున్నాం. జుల్మీరా ఆయనతో పోట్లాడుతుంది కూడా. "నలభై ఏళ్ళు తిరిగి తిరిగి మా ఇంటికి నేర్చుకొచ్చింది ఈ ఒక్క ముక్కా బావగారూ?" అంటుంది. అన్నయ్య నవ్వుతాడు. సగం మొహమే నవ్వుతుంది.

మాట పోయింది గాని రాగం పోలేదు. డాక్టరు అలా అవుతుందనే చెప్పాడు. రోజూ సాయంత్రం ఎండ గోడ మీదికి వచ్చే వేళకు ఆ మోదీన్యా కూనిరాగం తీస్తాడు. ఎడమ చేత్తో కమాను లాగినట్టు లాగుతాడు. తొమ్మిదో గడి దాకా వచ్చి ఆగుతాడు. "కాదు" అంటాడు. మళ్ళీ మొదటి నుంచి. ఆ తర్వాతది గుర్తు లేదా, రాదా, తెలియదు. సొంత చేత్తో రాసుకున్న చిత్తు ప్రతిని ఆ రోజే రొట్టెల పొయ్యిలో వేసేశాడు కదా.

నేను రాసిన బాస్ కాగితం బ్యాండు హాలు బీరువాలో దొరికింది. చెదలు అంచులే తిన్నాయి. ఆయన వదిలేసి వెళ్ళిన బాస్ అప్పటి నుంచి నేనే వాయిస్తున్నాను. పెద్దగా రాదు. ఈస్టరు వారం ఊరేగింపులకు సరిపోతుంది. ఆ పాట నేర్చుకుంటాను. పియానో కూడా ఉంటే ఆయన పాట ఆయన చివరి దాకా వింటాడు. ఒక్కసారి. అంతే నాకు కావలసింది.

మీ కాగితంలో చిన్న సవరణ ఉంది. అది నేనే చెయ్యాలి.

బెలార్మీను


బెలేం
జూన్ 14, 1976

బెలార్మీనుకు,

నీ ఉత్తరం మొదటి సగం చదివి ఏడ్చాను. చివరి రెండు వాక్యాలు చదివి ఆపేశాను.

సవరణ ఏమిటి? ఎవరి తప్పుకు? నా బల్ల సొరుగులో, నా పెళ్ళి పత్రం కింద ఆ నాలుగు పేజీలూ ఉన్నాయి. ఉన్నాయని ఇప్పుడు చెప్తున్నాను. అంత అందమైన రాత మళ్ళీ ఎవరి దగ్గరా చూడలేదు. స్వరాల సున్నలన్నీ ఒకే సైజు, ఒక్క కొట్టివేత లేదు. అందులో తప్పు ఉందని నువ్వు అంటున్నావు, ఎక్కడో చెప్పడం లేదు. మళ్ళీ గుమ్మం దగ్గర టోపీ తిప్పుతున్నావు.

ఒక సంగతి రాస్తాను, నీకు నొప్పి కలగాలనే రాస్తున్నాను. ఇక్కడి సంగీతం బడికి బాస్ నేర్పడానికి ఒక కొత్త మాస్టారు వచ్చాడు. ఈమధ్య మనవాళ్ళు బాస్ కోసమే పాటలు రాస్తున్నారు. బాస్ ఒక్కదానికి, బాస్‌కూ పియానోకూ, బాస్‌కూ ఆర్కెస్ట్రాకూ. వాల్ట్స్ నాట్యం పాటలు, రాత్రి కిటికీల కింద పాడే సెరెనాదులు, మన ఈశాన్య రాష్ట్రాల జాతర గతులు, అన్నీ బాస్ మీద. మొన్న అతను అవే వాయిస్తే వెళ్ళాను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేకపోయాను. మోకాళ్ళ వల్ల కాదు. పక్కన కూర్చున్న మా శిష్యురాలు "ఏమైంది టీచర్, బాలేదా?" అంది. "ఇది నేను చాలా ముందే విన్నానమ్మా, తొమ్మిది గళ్ళు విన్నాను" అన్నాను. దానికేం అర్థమవుతుంది.

తప్పు ఏమిటో రాయి. రాస్తేనే కాగితం.

జందీరా


సాన్ గొన్సాలు ద పేద్ర
జూలై 4, 1976

దోన జందీరా గారికి,

మూడు సార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది. పంపించేస్తాను.

తప్పు నాది.

నాకు నకలు రాయడం నేర్పింది గుడి పనులు చూసే ముసలి సక్రిస్తాను కస్సియాను. ఆయన పద్ధతి ఒకటి ఉంది. ఈ ఊళ్ళో నకలు రాసేవాళ్ళందరిదీ అదే పద్ధతి. పాట కట్టినవాడు ఎక్కడన్నా పొరపాటు చేస్తే నకలు రాసేవాడు దిద్దెయ్యాలి, ఎవరితోనూ అనకూడదు. కట్టినవాడితో అసలే అనకూడదు. వాడి పరువు మన కలంలో ఉంది అనేవాడు ఆయన.

కచేరీకి రెండు రోజుల ముందు అన్నయ్య చిత్తు ప్రతి నా చేతికిచ్చాడు. "రియో ఆయన ముందు పెట్టాలిరా, నీ చేత్తో రాసి పెట్టు" అన్నాడు. చూశాను. బాస్ ఒక శ్రుతిలో ఉంది. పియానో దానికి ఒక స్వరం పైన ఉంది. మొదటి నుంచి చివరి దాకా. క్లారినెట్టుకైతే పియానోతో అలా తేడా పెట్టి రాయాలని నాకు తెలుసు. బాస్‌కు అలా రాయడం ఎప్పుడూ చూడలేదు. ఆ నెలంతా అన్నయ్య సరిగా నిద్రపోలేదు. అలసిపోయి రాశాడనుకున్నాను. పియానో అంతటినీ ఒక స్వరం కిందికి దించి రాశాను. నాలుగు పేజీలూ. చాలా శ్రద్ధగా.

ఆయనతో అనలేదు. ఆయన నా పియానో నకలు విప్పి చూడలేదు. నా రాత మీద అంత నమ్మకం.

పదకొండేళ్ళకు పక్క ఊరికి ఒక ఆర్కెస్ట్రా వచ్చింది. వాళ్ళ బాస్ వాయించే ఆయన పట్టీ తెగితే కుట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చాడు. ఆ మాటా ఈ మాటా చెప్తూ చెప్పాడు. బాస్ ఒంటరిగా ముందుకొచ్చి పాడేటప్పుడు నాలుగు తీగలూ ఒక స్వరం పైకి బిగిస్తారట. గొంతు స్పష్టంగా వస్తుందట. వాయించేవాడు మామూలుగానే చదువుకుంటాడు, మోగేది ఒక స్వరం పైన. అందుకని పియానో కాగితం ఒక స్వరం పైన రాస్తారట. నా చేతిలో సూది ఆగిపోయింది. "ఏం మేస్త్రీ, గుచ్చుకుందా?" అన్నాడు. లేదన్నాను.

అన్నయ్య హాలు వెనక గదిలో తీగలు బిగించుకుని వేదిక ఎక్కాడు. మీ ముందు నా కాగితం ఉంది. మీరు ఉన్నది ఉన్నట్టు వాయించారు.

ఇది తెలిసి ఇరవై ఏడేళ్ళు. అప్పుడప్పుడు అన్నయ్య దగ్గర నుంచి ఒక కార్డు వచ్చేది. జవాబులో వాన గురించి రాసేవాణ్ణి, మొక్కజొన్న గురించి రాసేవాణ్ణి. మీకు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. మీరు ఇంకొకరి ఇంట్లో ఉన్నారు కదా, ఇప్పుడెందుకని లేచిపోయాను. అది సాకు.

క్షమించమని అడగడం లేదు. కాగితం అడుగుతున్నాను.

బెలార్మీను


బెలేం
జూలై 20, 1976

మీ అన్నకు చెప్పావా?

అతనికి చెప్పకుండా నాకు చెప్పి నీ భుజం మీది బరువు దింపుకుంటే ఒప్పుకోను. వెళ్ళి చెప్పు. అతను ఏం చేశాడో రాయి. అంతవరకు నాకింకేం రాయకు.


సాన్ గొన్సాలు ద పేద్ర
ఆగస్టు 8, 1976

దోన జందీరా గారికి,

చెప్పాను.

జుల్మీరా సంతకు వెళ్ళిన రోజు చూసుకున్నాను. అన్నయ్యను కుర్చీలో కూర్చోబెట్టి గడ్డం గీస్తున్నాను. మొహం ఎదురుగా ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. కత్తి పక్కన పెట్టేశాను. సగం గడ్డం నురగతోనే ఉంది. అంతా చెప్పాను. కస్సియాను పద్ధతి చెప్పాను. మీ తప్పు లేదని చెప్పాను. అది రెండుసార్లు చెప్పాను.

ఆయన "కాదు" అంటాడనుకున్నాను. అనలేదు. నన్ను చూశాడు. తర్వాత కిటికీ వైపు చూశాడు. తువ్వాలు అందుకుని ఎడమ చేత్తో తనే నురగ తుడుచుకున్నాడు.

ఆ రోజు నుంచి నా చేతి అన్నం తినలేదు. చెంచా దగ్గరికి తీసుకెళ్తే నోరు మూసుకునేవాడు. జుల్మీరా పెడితే తిన్నాడు. మూడో రోజు జుల్మీరా నన్ను వంటింట్లో నిలదీసింది. "ఏం చేశావయ్యా ఆయన్ని? పాలిచ్చే ఆవే తనని తన్నినట్టు చూస్తున్నాడు నీకేసి." ఆమెకూ చెప్పాను. పొయ్యి మీది గిన్నె దించి "ఇది కడుపులో పెట్టుకుని నాతో పాటు ఇన్ని భోజనాలు చేశావా" అంది. ఆ మాటే ఎక్కువ తగిలింది.

నాలుగో రోజు నుంచి నా చేత్తో తింటున్నాడు. క్షమించాడని కాదు. జుల్మీరాకు నడుము పట్టేసింది.

కూనిరాగం ఆపేశాడు. మొన్నటి నుంచి పూర్తిగా. సన్నబడుతున్నాడు. మీరు త్వరగా పంపితే మంచిది.

బెలార్మీను


బెలేం
ఆగస్టు 29, 1976

బెలార్మీనుకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీ మీద కోపం వెతుక్కున్నాను. మొదటి రోజు దొరికింది. రెండో రోజు దాని అడుగున నేను కనపడ్డాను.

నువ్వు నిజం రాశావు, నేనూ రాస్తాను. అప్పుడు నీకు తెలియనిది ఒకటి ఉంది. అంతకుముందు ఆరు వారాలు అనీజియు చిత్తు కాగితం మీదే మా ఇంట్లో సాధన చేశాం. పియానో ఏ శ్రుతిలో ఉండాలో నాకు తెలుసు. వేదిక మీద నీ నకలు తెరవగానే అది కింద ఉందని చూశాను. పాత బాస్ పొట్ట పగులుతుందని భయపడి తీగలు బిగించకూడదనుకున్నాడేమో అనుకున్నాను. పక్కకు తిరిగి ఒక్క మాట అడిగితే సరిపోయేది.

అడగలేదు. ఆ ఉదయం మేం పోట్లాడుకున్నాం. రియోకు ముందు తను ఒక్కడే వెళ్తానని, ఏడాది తర్వాత నన్ను పిలిపించుకుంటానని చెప్పాడు. నేను సామాను కట్టుకుని కూర్చున్నాను. సరే, నీతో మాట్లాడను అనుకున్నాను. ఇరవై నాలుగేళ్ళ పొగరు.

మొదటి గడిలోనే తెలిసింది, అతను బిగించాడని. బెలార్మీనూ, నేను ప్రతి ఆదివారం గుడిలో హార్మోనియం వాయించేదాన్ని. పాడేవాళ్ళ గొంతు బాలేకపోతే కాగితం చూస్తూనే ఒక స్వరం కిందికి, రెండు స్వరాలు పైకి చేతులు జరుపుకునేదాన్ని. నిద్రలో కూడా చెయ్యగలను. రెండో గడికల్లా సర్దేసి ఉంటే జనం అదో అలంకారం అనుకునేవాళ్ళు. జరపలేదు. కాగితంలో ఇలాగే ఉంది, తప్పు నాది కాదు, అవమానం అతనికే కదా, పడనీ అనుకున్నాను. తొమ్మిది గళ్ళ పాటూ అదే అనుకున్నాను. పదో గడిలో జరుపుదామనుకున్నాను. అతను తొమ్మిదిలో ఆగాడు.

ఉన్నది ఉన్నట్టు వాయించానని ముప్పై ఎనిమిదేళ్ళు అందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు కాబట్టి దాన్ని మోయడం ఇంకా కష్టం.

నేను రాలేను. వేళ్ళు, మోకాళ్ళు, ఇంత దూరం. అంతకన్నా మొహం చెల్లక. ఈ పార్సెల్లో కాగితం ఉంది, ఒక టేపు ఉంది. ఆ బాస్ మాస్టారు తన యంత్రం మా ఇంటికి తెచ్చి రికార్డు చేశాడు. నీ కాగితం చూస్తూ ఒక స్వరం పైన వాయించాను. వేణ్ణీళ్ళలో చేతులు పెట్టి పెట్టి పదకొండుసార్లు వాయిస్తే ఇది కుదిరింది. నా పియానో దిగిపోయిందని చెప్పాను కదా, టేపు మీద ముందు శ్రుతి ఇచ్చాను, నీ తీగలు దాన్ని బట్టి బిగించుకో. మామూలుగా బిగించాల్సినంత పైకి రానక్కరలేదు, నీ ముసలి బాస్‌కూ అదే మంచిది.

శ్రుతికి ముందు రెండు నిమిషాలు అనీజియుతో మాట్లాడాను. అది మొదలుపెట్టి నువ్వు పెరట్లోకి వెళ్ళు. జుల్మీరాను కూడా తీసుకెళ్ళు, ఆవిడ గుమ్మం వెనక నిలబడుతుందని నాకు తెలుసు.

నీ వదిన కావలసిన
జందీరా


సాన్ గొన్సాలు ద పేద్ర
అక్టోబరు 10, 1976

వదినా,

అన్నయ్య సెప్టెంబరు 27న పోయాడు. తెల్లవారుతుండగా. నొప్పి లేదు. బ్యాండు వాళ్ళు వచ్చారు. తంతి ఇవ్వలేదు, నాలుగు మాటల్లో ఇది చెప్పడం నాకు రాలేదు.

అంతకు ముందు జరిగింది చెప్తాను.

టేపు 13న అందింది. పాదిరీ గారి యంత్రం అడిగి తెచ్చాను. మీ మాటలు వినకుండా టేపు ముందుకు తిప్పి శ్రుతి ఒక్కటే విన్నాను. తీగలు బిగించడానికి రెండు రోజులు పట్టింది, రోజుకు కొంచెం కొంచెం. పొట్ట పలక మూలిగింది గాని పగల్లేదు. పాట అంతకు ముందు నుంచే నేర్చుకుంటున్నాను. నా వేళ్ళు దీనికి పుట్టినవి కావు. సగం స్వరాలు తడుముకుంటూ పట్టుకుంటాను.

16న, మధ్యాహ్నం భోజనమయ్యాక, మంచం పక్కన యంత్రం పెట్టాను. మొదలుపెట్టి జుల్మీరాను తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. అక్కడ ఇద్దరం మొక్కజొన్న పొత్తులు ఒలిచాం. రెండు నిమిషాలకు ఎక్కువే ఉన్నాం. లోపలికి వచ్చేసరికి మీ శ్రుతి స్వరం మోగుతోంది. అన్నయ్య ఎడమ చెయ్యి యంత్రం మూత మీద ఉంది. మొహం గోడ వైపు ఉంది. నేను చూడలేదు.

టేపు వెనక్కి తిప్పి శ్రుతి నుంచి పెట్టాను. వాయించాను. నాలుగో గడిలో "కాదు" అన్నాడు. స్వరం కింద పడింది, నిజమే. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. ఏడో గడిలో "కాదు". నేను చిన్నప్పుడు ఆయన దగ్గర కమాను పట్టుకోవడం నేర్చుకున్న రోజుల్లాగే ఉంది. అదే గొంతు. ఆ సాయంత్రం ఎనిమిదిసార్లు ఆపించాడు. జుల్మీరా "మా ఆయనకి ఊపిరాడటం లేదు, ఇంక ఆపండి బావగారూ" అంది. "కాదు" అన్నాడు ఆమెతో, పొడుగ్గా.

మర్నాడు తొమ్మిదో గడి దాటాం. అక్కడికి రాగానే నా చెయ్యి ఆగబోయింది. మీ పియానో ఆగలేదు, లాక్కెళ్ళింది. ఆ తర్వాత చివరి దాకా ఆయన ఏమీ అనలేదు. అది నేను మొదటిసారి వినడం. నకలు రాశాను గాని వినలేదు కదా.

మీకు నిజం చెప్పాలి. అది బాగుంది వదినా. చాలా బాగుంది. ఎక్కడో లోపల నేను అది బాగుండదని ఆశ పెట్టుకున్నాను. మామూలు పాటైతే నేను పాడు చేసింది కొంచెమే అయ్యేది. బాగుంది.

అన్నయ్య నన్ను క్షమించాడో లేదో తెలియదు. ఆయన దగ్గర దానికి మాట లేదు. నేనూ అడగలేదు. ఆ పది రోజులూ రోజూ వాయించుకున్నాం. పని చేసుకున్నట్టు చేసుకున్నాం.

22న నా బాస్ కాగితం చూపించమని సైగ చేశాడు. ఒడిలో పెట్టాను. చాలాసేపు వెతికి ముప్పై ఒకటో గడి మీద వేలు పెట్టాడు. "కాదు." ఏది కాదని అడిగితే వేలు ఒక గీత పైకి జరిపాడు. ఆ స్వరం పెట్టి మీ టేపుతో వాయించాను. పియానోతో కలవదు, గుచ్చుకుంటుంది. "ఇదా అన్నయ్యా?" అన్నాను. ఏమీ అనలేదు. కింది స్వరం వాయించాను. "కాదు." పైది వాయించాను. ఏమీ అనలేదు. 1938లో అక్కడ కూడా నేను దిద్దానో, ఆయనే ఇప్పుడు మార్చాడో, జబ్బు వల్ల వేలు జారిందో నాకు తెలియదు. అడగడానికి ఇప్పుడు ఎవరూ లేరు.

దీనితో కొత్త నకలు పంపుతున్నాను. పియానో నాలుగు పేజీలు, బాస్ రెండు పేజీలు. పియానోను ఒక స్వరం పైకి, ఆయన రాసినట్టే రాశాను. తీగలు బిగించాలని బాస్ కాగితం మీద పెద్ద అక్షరాలతో పెట్టాను. మీ ఊరి బాస్ మాస్టారికి ఇవ్వండి. ఎవరన్నా వాయిస్తే మీరు వెళ్ళండి.

వేళ్ళు వణికి సున్నలు ఒకే సైజులో రాలేదు. ముప్పై ఒకటో గడి చూడండి. ఆ మాస్టారు దాన్ని పొరపాటు అనుకుంటాడు. నా చెవికీ అది పొరపాటే. ఆయన వేలు పెట్టిన చోటే పెట్టాను.

బెలార్మీను